అరువు తెచ్చిన చక్ర

(ఏర్పేడులో ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడి జ్ఞాపకార్థం పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు విషయాన్ని నన్నే ఎంచుకోమన్నారు. అణుశక్తితో నడిచే జలాంతర్గామి గురించి చెబుతానన్నాను. ఫోన్లో అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, సముద్రానికీ ఏర్పేడుకూ ఏం సంబంధమని మర్యాదగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. మనది రేణిగుంట–గూడూరు రైలు మార్గంలో చిన్న స్టేషను. వెంకటగిరికి దారి చీలే కూడలి. మలయాళస్వామి 1926లో నెలకొల్పిన వ్యాసాశ్రమం ఉన్న ఊరు. ఇప్పుడు ఐఐటీ, ఐసర్ అనే రెండు పెద్ద విద్యాసంస్థలు వచ్చాయి. నీళ్ల సంగతి చెప్పాలంటే మనకున్నది స్వర్ణముఖి, అందులోనూ ఏడాదిలో ఎక్కువ కాలం కనిపించేది ఇసుకే.

అయినా నేను విషయం మార్చుకోలేదు. కారణం, అయ్యవారు ముప్పై ఏళ్లకు ముందు నాకు రాసిన ఒక ఇన్లాండు లెటరు. దాని సంగతి తన చోట వస్తుంది. ఆయన పేరు మాత్రం ఈ ఉపన్యాసంలో ఎక్కడా అనను. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆయనకు నచ్చేది కాదు. ఇంటివాళ్లు కూడా అదే కోరారు.

మాది ప్రయోగశాల లేని బడి. అయ్యవారు తిరుపతిలో తెలిసిన ఒక కాలేజీ నుంచి త్రాసు, కటకాలు, గాజు పాత్రలు అరువు తెచ్చేవారు. గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చేవారు. వారం రోజులు మా దగ్గర ఉండేవి. ఆ వారంలో ప్రతి పిల్లవాడూ త్రాసు ముట్టాల్సిందే, ప్రతి పిల్లా కటకం పట్టుకుని గోడ మీద కిటికీ బొమ్మ పడేలా చేయాల్సిందే. ఎనిమిదో రోజు సామాను మళ్లీ తిరుపతి బస్సెక్కేది. ఒక్క గాజు పాత్ర కూడా పగలకుండా తిరిగి ఇచ్చామన్నది ఆయనకు పెద్ద గర్వం. ఈ త్రాసును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు గాలి సంగతి. మనకు పక్కనే శ్రీకాళహస్తి. అక్కడి స్వామి వాయులింగం. గర్భగుడిలోకి గాలి వచ్చే సందు లేకపోయినా దీపాల్లో ఒకటి రెపరెపలాడుతుందని పెద్దవాళ్లు చూపించడం మనందరికీ అనుభవమే. అయ్యవారు కూడా మమ్మల్ని తీసుకెళ్లి ఆ దీపానికి దండం పెట్టించారు. మర్నాడు తరగతిలో కొవ్వొత్తి వెలిగించి దాని మీద గాజు గ్లాసు బోర్లించారు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఎందుకు ఆరిందో మాతోనే చెప్పించారు. జలాంతర్గామి కథంతా ఆ గ్లాసు కింద కొవ్వొత్తి కథే.

డీజిల్ ఇంజను మండాలంటే గాలి కావాలి. నీళ్ల కింద గాలి లేదు. అందుకని మామూలు జలాంతర్గామి నీటి పైన ఉండగా, లేదా గొట్టం ఒకటి పైకి పెట్టి గాలి పీల్చుకుంటూ ఇంజను నడిపి బ్యాటరీలు నింపుకుంటుంది. మునిగాక ఆ బ్యాటరీలే దిక్కు. వేగంగా వెళితే గంటల్లో ఖాళీ అవుతాయి. మెల్లగా పొదుపుగా వెళితే కొన్ని రోజులు వస్తాయి. ఆ తర్వాత పైకి రాక తప్పదు. పైకి వచ్చిన ఆ కాసేపే శత్రువు రాడారుకు చిక్కే సమయం. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనకు పెట్టిన ఐఎన్ఎస్ కుర్‌సురను మీలో కొందరు చూసే ఉంటారు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి దాకా 31 ఏళ్లు పనిచేసింది. లోపల మనిషి పక్కకు తిరిగితేనే దారి. ఆ ఇరుకులో డెబ్బై మందికి పైగా బతికారు. ఇంజను పీల్చే గాలీ, మనుషులు పీల్చే గాలీ ఒక్కటే. అది ఎప్పుడు అయిపోతుందోనని లెక్క చూసుకుంటూనే వాళ్లు రోజులు గడిపారు.

యురేనియానికి ఈ బాధ లేదు. దాని పరమాణువు చీలితే వేడి పుడుతుంది, ఆ చీలికకు ఆక్సిజన్ అక్కర్లేదు. మన గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ బాయిలరును తలచుకోండి. చెరుకు పిప్పి మండితే నీరు ఆవిరయ్యేది, ఆవిరి టర్బైను తిప్పేది. జలాంతర్గామిలోనూ ఆవిరీ టర్బైనూ అవే. పిప్పి ఉన్న చోట యురేనియం కడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీల చుట్టూ తిరిగే నీటిని గొప్ప ఒత్తిడిలో ఉంచుతారు కనుక ఎంత వేడెక్కినా మరగదు. ఆ నీరు సన్నటి గొట్టాల్లో పారుతూ బయట ఉన్న వేరే నీటిని ఆవిరి చేస్తుంది. కడ్డీలను తాకిన నీరూ, టర్బైనును తిప్పే ఆవిరీ ఒకదానితో ఒకటి కలవవు. ఇంజనుకు గాలి అక్కర్లేదు, కరెంటుకు కొదవ లేదు. ఆ కరెంటుతోనే సముద్రపు నీటిని మంచినీరు చేస్తారు, నీటిని విడగొట్టి ఊపిరికి ఆక్సిజన్ తీస్తారు, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును వడగట్టేస్తారు. ఇక పైకి రావాల్సిన అవసరం రెండింటి వల్లే: బియ్యం పప్పులు అయిపోవడం, మనిషి మనసు అలసిపోవడం.

అమెరికా వాళ్ల నాటిలస్ 1955 జనవరి 17న మొదటిసారి అణుశక్తితో సముద్రంలోకి వెళ్లింది. మూడేళ్లకు, 1958 ఆగస్టు 3న, మంచు పలక కింద ఈదుతూ ఉత్తర ధ్రువాన్ని దాటింది. మంచు కింద పైకి రావడానికి చోటే లేదు. డీజిల్ పడవకు ఆ దారి ఊహకు కూడా అందదు.

అణు పడవకూ లోపం ఉందని ఇక్కడికి వచ్చిన విద్యార్థులకు చెప్పాలి. బ్యాటరీ మీద నడిచే డీజిల్ పడవ దాదాపు మౌనంగా ఉంటుంది. అణు పడవలో రియాక్టరును చల్లబరిచే పంపులు, టర్బైను పళ్లచక్రాలు ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటాయి. నీళ్లలో చప్పుడు చాలా దూరం పోతుంది. ఆ చప్పుడు తగ్గించడానికే ప్రపంచంలో పెద్ద పెద్ద ఇంజనీర్లు డెబ్బై ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఈ ఆవరణలో ఎవరికైనా పరిశోధనకు విషయం కావాలంటే అది తీసుకోండి.

ఇప్పుడు చక్ర, మన దేశం అరువు తెచ్చుకున్న అణు జలాంతర్గామి. దాని పుట్టు పేరు కె-43. వోల్గా నది ఒడ్డున గోర్కీ అనే పట్టణంలో కట్టారు. సముద్రానికి చాలా దూరంగా, నేల నడుమ ఉన్న ఊరు. మనకూ సముద్రానికీ ఏం సంబంధమని అడిగిన పెద్దాయనకు నేను ఫోన్లో చెప్పిన జవాబు అదే. సోవియట్లు ప్రాజెక్టు 670 అని పిలిచిన వరుసలో అది మొదటి పడవ. నాటో దేశాలు ఆ వరుసకు చార్లీ అని పేరు పెట్టుకున్నాయి. 1967లో సోవియట్ నౌకాదళంలో చేరింది. పొడవు 95 మీటర్లకు దగ్గర. ఒకే రియాక్టరు, ఒకే ప్రొపెల్లరు. నీళ్లలో మునిగి ఉండగానే ఓడల మీదికి క్షిపణులు వదలగలగడం ఆ వరుసకు ఆ రోజుల్లో గొప్ప పేరు తెచ్చింది.

మన దేశం దాన్ని మూడేళ్లకు లీజుకు తీసుకుంది. అప్పటికే దాని వయసు ఇరవై ఏళ్లు. తీసుకునే ముందు మన నావికులు సోవియట్ యూనియన్ వెళ్లి, రష్యన్ నేర్చుకుని, ఆ భాషలోనే రియాక్టరు పాఠాలు చదువుకుని, పరీక్షలు రాశారు. పసిఫిక్ తీరపు చలిలో శిక్షణ పొందారు. ఇది ఆటలాంటి చదువు కాదు. 1983 జూన్‌లో అదే వరుసకు చెందిన కె-429 కమ్చాత్కా తీరంలో మునిగింది. గాలి లాగే గొట్టం మూత సరిగా పడకుండానే కిందికి దిగడంతో నీళ్లు లోపలికి చొరబడ్డాయి. 16 మంది చనిపోయారు. ఒక్క మూత! మనవాళ్లు నేర్చుకోవాల్సినది అలాంటి పడవను.

1988 జనవరి 5న వ్లాదివస్తోక్‌లో దాని మీద మన జెండా ఎగిరింది. పేరు ఐఎన్ఎస్ చక్ర. తొలి కమాండరు కెప్టెన్ ఆర్.ఎన్. గణేశ్. ఫిబ్రవరి 3న విశాఖ చేరింది. ప్రధాని రాజీవ్ గాంధీ వచ్చి స్వాగతం పలికారు.

నేనప్పుడు విశాఖలో ఒక పత్రికకు కొత్తగా చేరిన విలేకరిని. మమ్మల్ని దగ్గరికి వెళ్లనివ్వలేదు. దూరం నుంచి నాకు కనిపించింది నీటి మీద ఒక నల్లటి వీపు. చెరువులో ఏనుగు ఒళ్లంతా ముంచి వీపు మాత్రం పైకి పెట్టినట్టు ఉంది. జాలరుల పేటల్లో, చేపలకేమైనా అవుతుందా అని అడిగేవారు. అణువు అనే మాట వింటేనే జనానికి హిరోషిమా గుర్తొచ్చేది. అణుశక్తితో నడవడం వేరు, అణుబాంబు మోయడం వేరు అని చెప్పడానికి నాకు చాలా వ్యాసాలు పట్టాయి. చక్రలో అణ్వస్త్రాలు లేవు, ఒప్పందం ప్రకారం ఉండకూడదు కూడా. రియాక్టరు ఉన్న పడవ కనుక రేవులో వికిరణాన్ని కనిపెట్టి చూసే ఏర్పాట్లు జరిగాయి.  కొలిచే సాధనాలు, కొలిచే మనుషులు, ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలన్న కాగితాలు అన్నీ విశాఖలో కొత్తగా తయారయ్యాయి.

మూడేళ్ల సేవలో చక్ర రియాక్టరు 430 రోజులు పనిచేసింది. పడవ 72,000 నాటికల్ మైళ్లు తిరిగింది. భూమధ్యరేఖ వెంట మూడు చుట్లు తిరిగి ఇంకా కొంత ముందుకు పోయినంత దూరం అది. 5 క్షిపణులు, 42 టార్పెడోలు పేల్చి చూశారు. నౌకాదళం రాసుకున్న చరిత్రలో ఈ అంకెలు ఉన్నాయి. మనం ఎన్నడూ చూడని పనికి ఇవి చిన్న అంకెలు కావు. ప్రతి మైలుకూ ఒకరు రియాక్టరు ముందు కూర్చుని ముళ్లు చూసుకుంటూ ఉన్నారు. ప్రతి రాత్రీ ఒకరు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నీళ్ల చప్పుడు విన్నారు, అది తిమింగలమో ఓడో తేల్చి చెప్పారు.

1991 జనవరిలో గడువు తీరింది. చక్ర వెళ్లిపోయింది. ఆ ఏడాది ముగిసేసరికి దాని సొంత దేశమే చెదిరిపోయింది. ఆ పడవ మళ్లీ సేవలోకి రాలేదు.

అది వెళ్లిన వారంలో నేను ఒక వ్యాసం రాశాను. కోట్లు పోసి పాత పడవను అద్దెకు తెచ్చుకున్నాం, యుద్ధమేదీ చేయలేదు, మూడేళ్లకు తిరిగి ఇచ్చేశాం, ఇప్పుడు రేవులో ఖాళీ జెట్టీ తప్ప మనకు మిగిలిందేమిటని అడిగాను. వ్యాసానికి మంచి పేరే వచ్చింది. పది రోజులకు ఏర్పేడు నుంచి ఇన్లాండు లెటరు వచ్చింది. అయ్యవారి అక్షరాలు. యోగక్షేమాలు రెండు వాక్యాలు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశారు. తిరుపతి నుంచి తెచ్చిన త్రాసును ఎనిమిదో రోజు తిరిగి ఇచ్చేసిన తర్వాత, దాని మీద తూకం వేయడం నువ్వు మరిచిపోయావా అని.

నేను జవాబు రాయలేకపోయాను. ఆ రోజు నుంచి చక్ర ఎక్కడికి పోయిందని అడగడం మానేసి, అందులో పనిచేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారో చూడటం మొదలుపెట్టాను. జవాబు కొన్నేళ్లకు దొరికింది. వాళ్లు ఎక్కువమంది నౌకాదళంలోనే ఉన్నారు. తర్వాతి తరానికి పాఠాలు చెబుతున్నారు. కొందరు సొంత అణు జలాంతర్గామి కట్టే పనిలోకి వెళ్లారు. తొలి కమాండరు గణేశ్ వైస్ అడ్మిరల్ అయ్యాక ఆ ప్రాజెక్టుకే అధిపతిగా పనిచేశారు. ఏ గది ఎంత వేడెక్కుతుంది, నీళ్ల కింద అరవై రోజులుంటే వంటవాడికి ఏం కావాలి, ఒక పంపు చప్పుడు మారితే రాత్రి రెండింటికి ఎవరిని లేపాలి. ఇవి ఏ ఒప్పంద పత్రంలోనూ దొరకవు. అద్దె పడవలో బతికితేనే తెలుస్తాయి. ఈ సంగతి 1991లో నాకు తెలియలేదు. మా అయ్యవారికి ఏర్పేడులో కూర్చుని తెలిసింది.

సొంత పడవ అరిహంత్ కథలో మీకు తెలిసిన భాగాలను త్వరగా దాటేస్తాను. ఒక్క చోట మాత్రం ఆగాలి. విశాఖలో పడవ తేలకముందే దాని గుండెకాయను నేల మీద నడిపి చూశారు. మనకు దక్షిణాన, చెన్నై దాటాక వచ్చే కల్పాక్కంలో, జలాంతర్గామిలో ఎంత చోటుంటుందో అంత చోటులోనే రియాక్టరు కట్టి, 2006 నాటికి పూర్తి శక్తితో నడిపించారు. భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల పని అది. దానికి నేతృత్వం వహించిన శేఖర్ బసు తర్వాత అణుశక్తి సంఘం అధ్యక్షులయ్యారు. 2020 సెప్టెంబరులో కోవిడ్‌తో కన్నుమూశారు. ఇక్కడి నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరగలిగిన చోట ఇంత పెద్ద పని ఏళ్ల తరబడి జరుగుతుంటే మనకెవరికీ తెలియలేదు.

2009 జులై 26న, కార్గిల్ విజయ దినోత్సవం నాడు, విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ సమక్షంలో ఆయన సతీమణి గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి అరిహంత్‌ను నీళ్లలోకి పంపారు. 2013 ఆగస్టు 10న రియాక్టరు రగిలింది. 2014 డిసెంబరులో సముద్ర పరీక్షలకు వెళ్లింది. 2016 ఆగస్టులో ఏ సంబరమూ లేకుండా, ప్రకటన కూడా లేకుండా నౌకాదళంలో చేరింది. తొలి గస్తీ ముగించి వచ్చిందని 2018 నవంబరు 5న ప్రధాని నరేంద్ర మోదీ చెప్పాకే దేశానికి తెలిసింది. 2022 అక్టోబరు 14న బంగాళాఖాతంలో దాని నుంచి క్షిపణిని పరీక్షించారు. దాని చెల్లెలు అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే సేవలో చేరింది.

మన జిల్లాలోనే శ్రీహరికోట ఉంది. రాకెట్టు లేస్తే సూళ్లూరుపేట జనం మేడలెక్కుతారు, బడిపిల్లలు కౌంట్‌డౌన్ వల్లిస్తారు, శాస్త్రవేత్తలు చేతులు కలుపుకోవడం టీవీలో చూస్తాం. రాకెట్టు ఎంత మందికి కనబడితే అంత గొప్ప. అరిహంత్ ఎవరికీ కనబడకుండా ఉంటేనే దాని పని జరిగినట్టు. మన మీద ముందుగా అణుదాడి జరిగితే బదులివ్వడానికి ఒక ఆయుధం నీళ్ల కింద మిగిలి ఉంటుందని అవతలివాడికి తెలియాలి. ఎక్కడ ఉందో మాత్రం తెలియకూడదు. ముందుగా అణ్వస్త్రం వాడబోమని మన దేశం ప్రకటించిన విధానానికి ఇలాంటి పడవ పెద్ద ఆధారం. అణుబాంబు అనే వస్తువే ప్రపంచంలో లేకపోతే బాగుండునని కోరుకునేవాళ్లలో నేనొకడిని. అది ఉన్నంతకాలం ఈ పడవలోని వంద మంది తాము నేర్చుకున్న పని ఎన్నడూ చేయాల్సి రాకూడదని కోరుకుంటూ ఏళ్ల తరబడి సాధన చేస్తూ ఉంటారు. ఇంతకన్నా కష్టమైన ఉద్యోగం నాకు తెలియదు. ఇంటికి ఉత్తరం రాయలేరు, ఫోను చేయలేరు. తండ్రి పోయినా గస్తీలో ఉన్న కొడుక్కు వెంటనే తెలుస్తుందన్న నమ్మకం లేదు.

ప్రమాదాల సంగతి చెప్పకుండా ఈ కథ నిజాయితీగా ఉండదు. మన దేశం రెండోసారి అరువు తెచ్చుకున్న చక్ర పుట్టు పేరు నెర్పా. అది కూడా సముద్రానికి దూరంగా, అముర్ నది మీద ఉన్న కొమ్సొమోల్స్క్‌లో పుట్టింది. 1990లలో మొదలైన పని డబ్బుల్లేక ఏళ్ల తరబడి ఆగి, మన దేశం తీసుకుంటానన్నాక ముందుకు సాగింది. 2008 నవంబరు 8న జపాన్ సముద్రంలో పరీక్షల సమయంలో, మంటలార్పే వాయువు ఉన్నట్టుండి గదుల్లోకి చిమ్మింది. మంట లేదు. ఆ వాయువు గాలిని తోసేసింది. 20 మంది ఊపిరాడక చనిపోయారు. అందులో 17 మంది నావికులు కాదు, పడవ కట్టిన కార్మికులు, సాంకేతిక సిబ్బంది. గ్లాసు కింద కొవ్వొత్తి. రియాక్టరుకు గాలి అక్కర్లేదు కానీ మనిషికి కావాలి. ఆ పడవనే బాగుచేసి, 2012 ఏప్రిల్ 4న విశాఖలో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ సమక్షంలో ఐఎన్ఎస్ చక్రగా సేవలోకి తీసుకున్నారు. మొదటి చక్ర కన్నా చాలా పెద్దది. దాదాపు తొమ్మిదేళ్లు మనతో ఉండి 2021 జూన్‌లో తిరిగి వెళ్లింది. అరిహంత్ ఎక్కాల్సిన ఎందరో నావికులకు అది బడి. రెండోసారి కూడా అరువు త్రాసే.

అరిహంత్ రియాక్టరు రగిలిందని దేశం సంతోషించిన నాలుగో రోజున, 2013 ఆగస్టు 14 తెల్లవారకముందే, ముంబై రేవులో డీజిల్ జలాంతర్గామి సింధురక్షక్ పేలిపోయింది. 18 మంది పోయారు. వాళ్లలో మన తెలుగు నావికులూ ఉన్నారు. స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజు. విశాఖలో వాళ్ల ఇళ్ల ముందు నిలబడి వార్త రాయాల్సి వచ్చిన విలేకరుల్లో నేనూ ఒకడిని. ఆ తల్లులకు అణు పడవ, డీజిల్ పడవ అన్న తేడా ఏముంటుంది?

ఇంకో మాట. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. ఈ పడవల భారంలో తెలుగు నేల మోస్తున్నది పెద్ద వాటా. విశాఖకు దక్షిణాన అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరంలో వీటి కోసం కొత్త స్థావరం కడుతున్నారు. తరతరాలుగా అక్కడ వేటాడిన మత్స్యకారులు తమ తీరం గురించి, పరిహారం గురించి గొంతెత్తారు. తెలంగాణలో వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో రాడార్ కేంద్రం అని జనం పిలుస్తున్న దానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. నిజానికి అది రాడారు కాదు. ఉప్పునీరు మామూలు రేడియో తరంగాలను మింగేస్తుంది. చాలా తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు మాత్రమే కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. అలాంటి తరంగాలను పంపాలంటే మైళ్ల కొద్దీ తీగలు, పెద్ద పెద్ద స్తంభాలు కావాలి. తమిళనాడు తిరునల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్‌లో ఇప్పటికే ఒకటి ఉంది, దామగుండం రెండోది. సముద్రం కనిపించని కొండల మీద నుంచి సముద్రం కిందికి మాట పంపే చోటు అది. దేశానికి దాని అవసరం నాకు అర్థమవుతుంది. చెట్లు పోతున్నాయని, మూసీ పుట్టే చోటు పాడవుతుందని అక్కడివాళ్లు పడే బాధ కూడా అంతే అర్థమవుతుంది. దేశం కోసం తీరమో అడవో వదులుకున్నవాళ్లకు ఇవ్వాల్సింది పూర్తిగా, ఆలస్యం లేకుండా ఇవ్వడం కూడా రక్షణ ఖర్చే. అందులో బేరం ఆడకూడదు.

ఇప్పుడు నేను ఇక్కడికి వచ్చిన పని.

బీచ్‌లో కుర్‌సుర ఉంది. లక్షల మంది చూశారు. మొదటి చక్ర గుర్తుగా చేత్తో ముట్టుకోవడానికి మనకు ఏమీ లేదు. పడవ తిరిగి వెళ్లింది, దేశమే మారిపోయింది. దాని గురించి వచ్చిన కొద్దిపాటి రచనలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి, అవి కూడా చాలా వరకు అధికారులు రాసుకున్నవి. ఆ మూడేళ్లు విశాఖ డాక్‌యార్డులో దాని చుట్టూ పనిచేసిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, నీళ్లూ చేపలూ పరీక్షించిన సిబ్బంది, నావికుల ఇళ్లలో ఒంటరిగా పిల్లలను పెంచిన ఆడవాళ్లు, వీళ్లెవరూ ఎక్కడా మాట్లాడలేదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా వాళ్లు మన మధ్యే ఉన్నారు. ఒక రిటైర్డ్ వెల్డరుతో కొన్నేళ్ల కిందట మాట్లాడాను. రహస్యాలు అడగబోనని ముందే మాటిచ్చాను. సాయంత్రం దాకా మాట్లాడాడు. యంత్రం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. రష్యన్ మేస్త్రీ తనకు అతుకు వేయడం చేతులతో సైగ చేసి ఎలా నేర్పాడో చెప్పాడు. తను ఆవకాయను ఆ మేస్త్రీకి రుచి చూపిస్తే అతను కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ అడిగాడని చెప్పాడు. తన పిల్లలకు ఈ సంగతులు ఎన్నడూ చెప్పలేదట. ఎవరూ అడగలేదన్నాడు.

అందుకే ఈ సభకు వచ్చిన ఐఐటీ, ఐసర్ విద్యార్థులను అడుగుతున్నాను. మీలో తెలుగు వచ్చినవాళ్లు, సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు, మీ ఊళ్లో నేవీలోనో డాక్‌యార్డులోనో చేసి వచ్చినవాళ్లు ఉంటే వెళ్లి కూర్చోండి. చెప్పకూడనిది వాళ్లే చెప్పరు, ఆ క్రమశిక్షణ వాళ్లకు ఉంది. చెప్పదగినది రికార్డు చేయండి. వాళ్లు ఎలా మాట్లాడితే అలాగే, ఆ యాసలోనే, తెలుగులో రాసి పెట్టండి. ఈ సభ నిర్వాహకులను కూడా ఒకటి కోరుతున్నాను. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటి విలేకరిని కాకుండా, ఆ రోజుల్లో చక్ర మీదో దాని పక్కనో పనిచేసిన ఒకరిని పిలవండి. రైలు టికెట్టు ఖర్చు నేను పెట్టుకుంటాను. 1988 ఫిబ్రవరిలో విశాఖ రేవులో దిగిన నావికుల్లో అందరికన్నా చిన్నవాడికి కూడా ఇప్పుడు అరవై ఏళ్లకు దగ్గరపడి ఉంటాయి.